సాలెపురుగును సాదవచ్చునా?

మన సావనీరులో ప్రతి ఏడూ కవితలు చాలా వస్తాయి. అమ్మ మీద, నిరుద్యోగం మీద, ఇంకా చెప్పని ప్రేమ మీద. వాటి నడుమ సాలెపురుగు మీద వ్యాసమేమిటని నవ్వే మిత్రులు నవ్వవచ్చు. హాస్టల్లో నవ్వనిది ఎవరు గనక! పధ్నాలుగు నెలలు నా మంచం కింద, మూత వున్న ప్లాస్టిక్ డబ్బాలో, ఒక సాలెపురుగు కాపురం వున్నది. మొదటి వారమంతా నా రూమ్మేటు పక్క గదిలో పడుకున్నాడు. రెండో వారం తిరిగి వచ్చి తన మంచాన్ని కిటికీ వైపు జరుపుకున్నాడు. ఆరో నెల వచ్చేసరికి ఆటస్థలం నుంచి దానికి మిడతలు పట్టుకొచ్చింది వాడే.

ఇప్పుడు ఆ డబ్బా ఖాళీగా వుంది. "మళ్ళీ ఎప్పుడు తెస్తావన్నా?" అని జూనియర్లు అడుగుతున్నారు. ఇద్దరు ముగ్గురు తామూ ఒకటి పెంచుతామనీ, ఎక్కడ దొరుకుతుందో చెప్పమనీ వెంటపడుతున్నారు. వాళ్ళకు నోటితో ఇచ్చిన జవాబు నాకే తృప్తిగా లేదు. అందుకని ఈ నాలుగు ముక్కలు.

ముందు అసలు ఆ ప్రాణి ఏమిటో చెప్పాలి. అది ఇంటి మూలల్లో, దూలాల మధ్య గూడు అల్లే సాలెపురుగు కాదు. నేలలో బొరియ చేసుకొని వుండే రకం. శాస్త్రంలో థెరాఫోసిడే కుటుంబం అంటారు, లోకం టరంటులా అంటుంది. నేను పెంచినది ఆ కుటుంబంలో చిన్నది. కాళ్ళు చాపితే నా అరచేతిలో సగం వుంటుందేమో. ఒళ్ళంతా మట్టిరంగు నూగు. ఇది గూడు అల్లి ఈగల కోసం కాచుకోదు. చీకటి పడ్డాక బొరియ వాకిట్లోకి వచ్చి, ముందు కాళ్ళు పట్టు దారాల మీద ఆనించి కూర్చుంటుంది. కీచురాయి నడిచిన అదురు దారం వెంట కాలికి అందుతుంది. అంతే! కీచురాయి వుండదు, సాలెపురుగు వుండదు, వాకిలి ఖాళీ. కళ్ళు ఎనిమిది వున్నా చూపు అంతంత మాత్రమే, దాని లోకమంతా ఆ అదురులోనే వుంది. మనం రికార్డు బుక్కులో తేలు బొమ్మ వేసి, పుస్తకాకార ఊపిరితిత్తులకు బాణం గుర్తు పెట్టి సంతకం చేయించుకున్నాం గదా, అవే దీనికి రెండు జతలు. కోరలు మామూలు సాలెపురుగులకు వలె పట్టకారులా అడ్డంగా కలవవు, గడ్డపార దిగినట్టు పై నుంచి కిందికి దిగుతాయి.

గడ్డపార అన్నాను గదా, దొరికింది కూడా గడ్డపారకే.

మాది కోదాడ పక్క పల్లె. పేరు కావాలనే వ్రాయటం లేదు, కారణం ముందు తెలుస్తుంది. పైన చెలక, కింద వరి మడి, రెంటి నడుమ ఒక పాత గెట్టు. గెట్టుకు ఇటు మా నాయినది, అటు పెద్దనాయినది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదలక ముందు ఇదంతా జొన్న, ఆముదం పండే మెట్ట. నీళ్ళు వచ్చాక నేలంతా చదును చేసి మడులు కట్టారు. నాగలి తగలకుండా మిగిలింది ఆ గెట్టొక్కటే. రెండేళ్ళ కిందటి మే నెలలో దానికీ మూడింది. కోత మిషన్ తిరగటానికి అడ్డంగా వుందని అన్నదమ్ములిద్దరూ తీసేయాలనుకున్నారు. గెట్టు మీద అన్నదమ్ములకు పంచాయితీ వచ్చిన వూళ్ళు చూశాం గానీ, గెట్టు తీసేయటానికి ఒక్కటైన అన్నదమ్ములను చూసి వూరంతా మెచ్చుకుంది! తుమ్మ మొద్దులు పెకిలించటానికి నేనూ గడ్డపార పట్టాను. ఒక పెళ్ళ లేచేసరికి కింద బొటనవేలంత రంధ్రం, దాని గోడలకు లోపల తెల్లటి పట్టు, చొక్కాకు అస్తరు వేసినంత శుభ్రంగా. అందులోంచి అది బయటికి వచ్చి ముందు కాళ్ళు రెండూ పైకెత్తి నిలబడింది. నాయిన పార ఎత్తాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"బర్రెను సాదితే పాలిస్తది, కోడిని సాదితే గుడ్డు పెడ్తది. దీన్ని సాది ఏం జేస్తవురా?" అన్నాడు నాయిన, అన్నం డబ్బాలో దాన్ని పెట్టుకుంటున్న నన్ను చూసి. అమ్మ ఆ డబ్బా మళ్ళీ ఇంట్లోకి రానియ్యలేదు. నాయినమ్మ ఒక్కతే నా పక్షం. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలెపురుగుదే గదా! "శివుని మీద గూడు కట్టిన పురుగురా, సంపకుండ్రి" అన్నది.

భయం సంగతి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. టరంటులా అన్న పేరే భయంలోంచి పుట్టింది. ఇటలీలో టరాంటో అనే పట్టణం వుంది, అక్కడి పొలాల్లో ఒక సాలెపురుగు కరిస్తే అలసిపోయేదాకా నాట్యం చేస్తేనే విషం దిగుతుందని వెనుకటి జనం నమ్మేవారు. ఆ నాట్యం మిగిలింది, పేరూ మిగిలింది. తమాషా ఏమంటే, ఆ పురుగు ఇప్పుడు మనం టరంటులా అంటున్న కుటుంబానిది కానే కాదు, వేరే రకం. మన దగ్గర తేలు మంత్రం లేదా? టరంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. కానీ నొప్పి వుండదని కాదు. చెట్ల తొర్రల్లో వుండే మన దేశపు రకాలు కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయని వైద్యులు వ్రాశారు. అమెరికా ఖండపు రకాల్లో చాలావాటికి వుండే దురద వెంట్రుకలు మన వాటికి లేవు. అందుచేత ఇవి వెంట్రుకలు రాల్చి పారిపోవు, తిరగబడతాయి. నేను దాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. వీడియోల్లో చేతి మీద నడిపించుకునే వాళ్ళను చూసి మోసపోవద్దు. మన తెలుగు నేలలో నిజంగా భయపడవలసింది అరచేయంత నల్ల మండ్రగబ్బకు కాదు, వేలెడంత ఎర్ర తేలుకు. ప్రాణి ఎంత పెద్దగా, ఎంత వికారంగా వుంటే అంత విషం అన్న లెక్క ఎక్కడా లేదు.

పెంచటం కష్టం కాదు. నిజం చెప్పాలంటే అంత సులువైన ప్రాణి మరొకటి లేదు, చిక్కు కూడా అక్కడే వుంది. చెలక నుంచి ఎర్ర మట్టి తెచ్చి జానెడు లోతున గట్టిగా అదిమాను. ఒక పక్క తడి, ఒక పక్క పొడి. సోడా సీసా మూతలో నీళ్ళు. వారానికొక కీచురాయి, లేదా బొద్దింక. హాస్టల్ మెస్సు వుండగా బొద్దింకలకు కరువేమిటి? మందు కొట్టిన చోటివి మాత్రం పెట్టకూడదు. నాలుగో రోజు రాత్రి అది మట్టి వుండలు చేసి పట్టు దారంతో చుట్టి కోరలతో మోస్తూ బయట పారబోయటం చూశాను. మా వూళ్ళో బావి తవ్వేటప్పుడు మట్టి తట్టలు పైకి వచ్చినట్టే! తెల్లవారేసరికి డబ్బా అడుగు దాకా బొరియ, డబ్బా గోడ పక్కనే కావటంతో లోపలంతా అద్దంలో వలె కనిపించేది. ఆ రాత్రి నేను ఫిజికల్ కెమిస్ట్రీ ఇంటర్నల్ సంగతి మరచిపోయాను. మార్కులు చెప్పను.

తర్వాత అది తిండి మానేసింది. వాకిలి మట్టితో, పట్టుతో మూసేసుకొని నలభై రోజులు కనబడలేదు. ఒక వుదయం రూమ్మేటు "చచ్చిందిరో!" అని కేక వేశాడు. చూస్తే బొరియలో వెల్లకిలా పడి వుంది, కాళ్ళు ఆకాశానికి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డబ్బా తలకిందులు చేసి బయటికి తీద్దామా అనుకున్నాను. తీయనందుకు ఇవాళ్టికీ దేవుడికి దండం పెడతాను. సాలెపురుగు కుబుసం విడిచేటప్పుడు వెల్లకిలా పడుకుంటుంది. అప్పుడు దాని ఒళ్ళు తడి కాగితంలా మెత్తన, ముట్టుకుంటే చిరుగుతుంది. చచ్చిన సాలెపురుగు అలా చాపుకొని వుండదు, కాళ్ళు కిందికి ముడుచుకొని వుంటుంది. కారణం మనం చదివిన శాస్త్రమే. దాని కాళ్ళలో ముఖ్యమైన కీళ్ళకు ముడిచే కండరాలున్నాయి గానీ చాపే కండరాలు లేవు. లోపలి ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి పంపి చాపుతుంది, జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు. ప్రాణం పోతే ఒత్తిడి పోతుంది, కాళ్ళు ముడుచుకుంటాయి. సాయంత్రానికి అది కొత్త చర్మంతో లేచి కూర్చుంది, పాత చర్మం కోరలతో సహా పక్కన పడివుంది. దాన్ని నీళ్ళలో మెత్తబరచి మా మేడమ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. పొట్ట లోపలి వైపు వీర్యకోశాల ముద్ర వుంది, అంటే ఆడది. మగవి ఈడు వచ్చాక ఆడదాన్ని వెతుక్కుంటూ బొరియ వదలి, కొద్దికాలంలోనే చనిపోతాయి. ఆడవి ఏళ్ళ తరబడి బ్రతుకుతాయి, అదీ పుట్టిన చోటుకు అంత దూరం పోకుండా, తన బొరియలోనే.

ఆ చివరి వాక్యం అప్పుడు నేను పరీక్షకు చదివినట్టు చదివి వదిలేశాను.

ఇక్కడొక చిన్న పక్కదారి. మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళందరూ ఒకప్పుడు ఎనిమిది కాళ్ళ ప్రాణిని పెంచినవాళ్ళే! జూన్ ఆఖర్లో ఆరుద్ర కార్తె వానలకు ఎర్ర మఖమల్ ముక్కలు నేల మీద నడుస్తూ వుంటాయి గదా, ఆరుద్ర పురుగులు. అవి కీటకాలు కావు, సాలెపురుగులకు చుట్టాలు. అగ్గిపెట్టెలో పెట్టి, రెండు గరికపోచలు వేసి, తలగడ కింద దాచుకునేవాళ్ళం. తెల్లారేసరికి చచ్చేవి. గడ్డి వేశాం గదా అని ఏడ్చేవాళ్ళం. అది గడ్డి తినదు, పురుగుల గుడ్లూ, చిన్న చిన్న ప్రాణులూ తింటుంది. ప్రేమ వుంది, గడ్డి వుంది, అగ్గిపెట్టె వుంది. దానికి కావలసినది మాత్రం లేదు.

రెండో వేసవి సెలవులకు ఇంటికి పోతూ సూర్యాపేటలో దిగి, రంగుచేపలూ చిలకలూ అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాను, కీచురాళ్ళు దొరుకుతాయేమోనని. మాటల్లో ఫోనులో ఫోటో చూపించాను. దుకాణదారు ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇవి ఎన్ని తేగలవు? ఒక్కోదానికి రెండు వేలిస్తా. హైద్రాబాదులో తీసుకునేవాళ్ళున్నరు" అన్నాడు. నేనేమీ అనలేదు. కానీ ఆ రాత్రి పడుకోలేదు. ఫోను టార్చి పట్టుకొని గెట్టు మీదికి పోయాను. ముందటి ఏడు జేసీబీ సగం గెట్టు తీసేసరికి వాన పడి పని ఆగిపోయింది, ఇంకా అరవై అంగల గెట్టు మిగిలి వుంది. వంగి చూస్తూ పోతే బొరియలు పదకొండు. పదకొండు రెళ్ళు ఇరవై రెండు వేలు. ఎరువుల దుకాణంలో నాయిన పేరు మీద వున్న ఖాతా నాకు తెలుసు. రైతు కొడుకును, లెక్క రాకుండా ఎలా వుంటుంది?

ఇప్పటివరకు ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ వ్రాస్తున్నాను. మర్నాటి సాయంత్రం ఒకదాన్ని తవ్వాను. మొదటిదాన్ని మిషన్ బారి నుంచి కాపాడానని చెప్పుకోవటానికి వుండేది, దీనికి ఆ సాకు కూడా లేదు. వేసవి నేల రాయిలా వుంది. బొరియ నిటారుగా పోక మధ్యలో పక్కకు తిరిగింది, నాకు తెలియలేదు. గడ్డపార సరిగ్గా దాని పొట్ట మీద దిగింది. సాలెపురుగు రక్తం ఎర్రగా వుండదు, నీళ్ళలా వుంటుంది. పొట్ట చిరిగితే ఆ నీరంతా పోతుంది, కాళ్ళు చాపుకోలేదు, ముడుచుకుంటుంది. పాఠం అక్షరాలా కళ్ళ ముందు జరిగింది. అడుగున తెల్లటి పట్టు మూట వుంది, రేగుపండంత. విప్పితే ఆవగింజల్లా గుడ్లు. లెక్కపెట్టలేదు. మట్టి కప్పేసి ఇంటికి వచ్చాను. అమ్మ "ముఖం గట్లున్నదేందిరా?" అంటే ఎండ తగిలిందన్నాను.

ఆ దుకాణానికి మళ్ళీ పోలేదు. పోలేదు గనక నేను గొప్పవాణ్ణని కాదు. పోయేవాణ్ణే, ఆ గడ్డపార అంగుళం పక్కన దిగి వుంటే.

ఈ వ్యాపారం కథ మన తెలుగువాళ్ళకు తెలియవలసినంత తెలియదు. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలెపురుగును పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1899లో వర్ణించి పేరు పెట్టాడు. నెమలి కంఠంలాంటి నీలం దాని రంగు. ఆ తర్వాత నూట రెండేళ్ళు దాని జాడ శాస్త్రానికి తెలియలేదు. 2001లో గుత్తికి చాలా దూరాన, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. బహుశా ఆ మొదటిది రైలెక్కిన దుంగలతో గుత్తికి వచ్చి వుంటుంది. 2008లో ఐయూసీఎన్ దాన్ని అంతరించే ముప్పు అత్యధికంగా వున్న ప్రాణుల జాబితాలో పెట్టింది. దాని అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదు, ఆ వున్నదీ కట్టెల కోసం, కలప కోసం నలుగుతున్నది. మరొక పక్క యూరపులో, అమెరికాలో ఇళ్ళల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో అవే సాలెపురుగులు పిల్లలు పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లలు పెట్టి, బజారులో అమ్ముడవుతున్నాయి. గుత్తి పేరు అక్కడి పెంపకందార్లకు తెలుసు. మన గుత్తి బస్టాండులో అడిగి చూడండి ఎంతమందికి తెలుసునో! 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశంలో దాని ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. మంచిదే. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. డబ్బాల్లో ఎన్ని వేలు వున్నా, ఆ తొర్ర వున్న చెట్టు పోతే ఆ సాలెపురుగు వున్నట్టా, లేనట్టా?

దీనికి జవాబు లాంటిది ఆస్ట్రేలియాలో దొరికింది నాకు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మధ్య మిగిలిపోయిన చిన్న అడవి ముక్క, నార్త్ బంగుల్లా. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో అక్కడి బొరియ సాలెపురుగులకు ఒక్కొక్కదానికి ఒక మేకు పాతి నంబరు వ్రాసింది. అవి వాకిలికి తలుపు కట్టుకునే రకం, మన టరంటులాలకు దూరపు బంధువులు. ఆమె కూడా ఆ గోధుమ పొలాల మధ్య రైతుల ఇంట పెరిగిన మనిషే. తవ్వలేదు, పట్టలేదు, డబ్బాలో పెట్టలేదు. ఏటేటా పోయి తలుపు తీసి చూసి వచ్చేది. అందులో 16వ నంబరు ఆడది అదే బొరియలో నలభై మూడేళ్ళు బ్రతికింది. 2016లో చూసేసరికి తలుపుకు కందిరీగ పొడిచిన చిల్లు వుంది, లోపల సాలెపురుగు లేదు. ప్రపంచంలో తెలిసినంతలో అంత కాలం బ్రతికిన సాలెపురుగు మరొకటి లేదు. ముసలితనంతో కూడా కాదు, కందిరీగ వల్ల పోయింది! మా నాయిన వయసు నలభై ఆరు. అంటే ఇంచుమించు ఆయన పుట్టి, బడికి పోయి, పెళ్ళి చేసుకొని, నన్ను కాలేజీకి పంపేదాకా ఒకే బొరియ, ఒకే సాలెపురుగు.

ఇది చదివాక నా డబ్బా వైపు చూడటానికి మొహం చెల్లలేదు. నేను పెంచుతున్నది ఏమిటి? సాలెపురుగులో సగం. మిగతా సగం కోదాడ పక్కన గెట్టులో వుండిపోయింది. బొరియ సాలెపురుగుకు బొరియ మనకు ఇల్లు వంటిది కాదు. ఇల్లు మారితే మనం మనమే. దానికి బొరియ చెవి, బొరియ చర్మం, ఎండాకాలానికి నీడ, వానాకాలానికి గొడుగు. నా డబ్బాలో అది బాధపడిందని చెప్పను, దాని మనసు నాకేం తెలుసు? బాగానే తిన్నది, బాగానే కుబుసం విడిచింది. కానీ గెట్టు మీద పదకొండు బొరియలు పక్కపక్కన ఎందుకున్నాయి, మగది ఏ వానకు బయటికి వస్తుంది, పిల్లలు తల్లి బొరియ నుంచి ఎన్ని జానల దూరం పోయి సొంత కాపురం పెడతాయి అన్న ప్రశ్నలకు నా డబ్బా పధ్నాలుగు నెలల్లో ఒక్క జవాబు ఇవ్వలేదు.

కాబట్టి జూనియర్ మిత్రులారా, నా అభిప్రాయం ఇది. సాలెపురుగును సాదటం తప్పు కాదు, భయపడేవాళ్ళ మాట వినవద్దు. కానీ సాదవలసింది గెట్టును. ఎవరో తవ్వి పార్సెల్లో పంపినదాన్ని కొంటే మీరు కొన్నది సాలెపురుగును కాదు, ఒక గడ్డపార పోటును. చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది. అడవిలో దానికి ఫారెస్టు గార్డు వుంటాడు, పొలం గెట్టు మీది దానికి పాసుబుక్కు వున్న రైతే దిక్కు. ఆ రైతు మనలో సగంమందికి తండ్రి.

మా డిపార్టుమెంటు వారికి కూడా ఒక మనవి. యూజీసీ 2011లో డిసెక్షన్లు తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది, కప్పలను కోయటం మానేశాం, సంతోషం. కోయటం మానేశాక చూడటం మొదలుపెట్టాలి గదా? కంప్యూటరు మీద కప్పను కోస్తున్నాం, మ్యూజియంలో ఫార్మలిన్ సీసాలు తుడుస్తున్నాం. ఆటస్థలం వెనక కంపచెట్ల కింద నేల ఖాళీగా వుంది. నాలుగు మేకులు, రంగు డబ్బా, ఒక నోటు పుస్తకం చాలు. ఈ ఏడు బ్యాచి పోయినా వచ్చే బ్యాచి అదే పుస్తకంలో వ్రాస్తుంది. ప్రాజెక్టు వర్కు అని ఇంటర్నెట్టు నుంచి ఎత్తి వ్రాసే ముప్ఫై పేజీల కంటె హీనంగా వుండదని నా హామీ.

ఇది విని మిర్యాలగూడ మా మామయ్య నవ్వాడు. ఆయనది కాలువ కింది భూమి, చుట్టూ రైసు మిల్లులు. "అల్లుడూ, మా దిక్కు గెట్టంటే జానెడు. మనిషి నడిస్తే జారి పడాలె. భూమి ధర తెలుసునా నీకు?" అన్నాడు. ఆయన మాట తీసిపారేయదగినది కాదు, అందుకే లెక్క వేశాను. మా గెట్టు అరవై అంగలు, వెడల్పు రెండు మీటర్లు. గుంటకు కొంచెం తక్కువ. ఎకరానికి పాతిక క్వింటాళ్ళు పండితే గుంటకు అరవై రెండున్నర కిలోలు. రెండు పంటలకు నూట పాతిక కిలోల వడ్లు. మిషన్ తిప్పుకోవటానికి పట్టే సమయం, డీజిలు వేరే. మిత్రులారా, ఇది చిన్నదని పట్నంలో కూర్చొని అనకండి. మా అమ్మ అన్నది: "రెండు నెలల తిండిరా అది." గెట్టు వుంచమని నేను అడుగుతున్నది ఆ రెండు నెలల తిండిని. దానికి బదులు ఇవ్వటానికి నా దగ్గర ఏముంది? గెట్టు గడ్డి బర్రెకు వస్తుంది, నీళ్ళు ఆగుతాయి, వరి మీది సుడిదోమను తినే చిన్న సాలెపురుగులు మందు కొట్టిన రోజున తలదాచుకునేది గెట్టు గడ్డిలోనే. ఇవన్నీ నిజమే. అయినా తూకానికి నూట పాతిక కిలోలు వస్తాయని ప్రమాణం చేయలేను.

పోయిన జూలైలో, రెండు మంచి వానలు పడ్డాక, డబ్బాను బస్సులో ఒళ్ళో పెట్టుకొని ఇంటికి తీసుకుపోయాను. పక్క సీటు పెద్దాయన "పచ్చడా?" అని అడిగాడు. తలూపాను. మిగిలిన గెట్టు మీద, పాత బొరియలకు నాలుగంగల ఎడంగా, కర్రతో ఏటవాలు గుంత చేసి, పొద్దు గూకాక డబ్బా వంచాను. చాలాసేపు కదలలేదు. తర్వాత ఒక్కో కాలూ పెట్టి మట్టిని తడిమి, గుంతలోకి వెనక్కి వెనక్కి పోయింది. పక్కన ఒక మేకు పాతి నంబరు వ్రాశాను. తవ్వి చంపినదాని చోట కూడా ఒక మేకు పాతాను. దసరాకు పోతే ఆ గుంత వాకిట్లో కొత్త పట్టు మెరుస్తున్నది. అది ఇదేనని ఒట్టు పెట్టి చెప్పలేను, దానికి నేనే గుర్తూ పెట్టలేదు.

మేకులు చూసి నాయిన ఏమిటివని అడిగాడు. అంతా చెప్పాను, గడ్డపార సంగతి తప్ప. ఇది అచ్చయ్యాక అదీ తెలుస్తుంది. ఆయన గెట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ఒక మేకు వంగి వుంటే సరిచేశాడు.

"ఈ పంటకు వుండనీ. కోతలయినంక మీ పెద్దనాయిన ఏమంటడో అడుగుదాం," అన్నాడు.

పెద్దనాయినను ఇంకా అడగలేదు.